మైనస్ చేసే మూడు పనులు: రుణ సంఖ్యలు, పరమ మూల్యం అర్థం చేసుకోవడం ఎలా

−3 − 5 ఎంత అంటే 8 అని రాసేవాళ్లున్నారు, 2 అని రాసేవాళ్లున్నారు, −2 అని రాసేవాళ్లూ ఉన్నారు. సరైన జవాబు −8. ఈ మూడు తప్పుల్లో ఏదీ కూడికలు రాక వచ్చింది కాదు. మైనస్ అనే ఆ చిన్న అడ్డగీత మూడు వేర్వేరు పనులు చేస్తుంది. ఏ చోట ఏ పని చేస్తోందో పోల్చుకోలేకపోవడం వల్ల వచ్చినవే అన్నీ.

కింది మెట్లను ఇదే వరసలో చేయండి. సూత్రాలు ముందే బట్టీ పడితే కూడిక సూత్రమూ గుణకారం సూత్రమూ కలగాపులగం అయిపోతాయి. గీత మీదా గుండీలతోనూ ఒకసారి చేసి చూశాక బట్టీ పట్టాల్సింది పెద్దగా మిగలదు.

కావలసినవి: ఒక ఏ4 కాగితం, 30 సెంటీమీటర్ల స్కేలు, పెన్సిలు, ఎర్ర గుండీలు పది, నల్ల గుండీలు పది. గుండీలు లేకపోతే రెండు రంగుల కాగితపు ముక్కలైనా చాలు.

మెట్టు 1: సంఖ్యారేఖ గీయండి

కాగితాన్ని అడ్డంగా పెట్టి 22 సెంటీమీటర్ల గీత గీయండి. సరిగ్గా నడుమ, అంటే 11 సెంటీమీటర్ల దగ్గర, గీటు పెట్టి 0 రాయండి. అక్కడి నుంచి సెంటీమీటరుకు ఒక గీటు చొప్పున కుడికి 1 నుంచి 10 దాకా, ఎడమకు −1 నుంచి −10 దాకా రాయండి. రెండు కొసలా బాణం గుర్తులు పెట్టండి. సంఖ్యలు 10 దగ్గర ఆగిపోవు కదా.

ఇంత తేలికైన పనిలోనూ మూడు పొరపాట్లు జరుగుతాయి. ఎడమ కొస నుంచి రాయడం మొదలుపెట్టి −1, −2, −3 అని కుడికి వస్తే సున్నా పక్కన −10 వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఎప్పుడూ సున్నా దగ్గరే మొదలుపెట్టి బయటికి వెళ్లండి. రెండోది, సున్నాను వదిలేసి 1 పక్కనే −1 పెట్టేయడం. మూడోది అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది: గంతులకు బదులు గీట్లను లెక్కపెట్టడం. 2 నుంచి 5కు ఎంత దూరం? వేలు పెట్టి 2, 3, 4, 5 అని గీట్లు లెక్కిస్తే 4 వస్తుంది. లెక్కపెట్టాల్సింది ఒక గీటు నుంచి మరో గీటుకు వేసే గంతులను. అవి మూడే.

ఇప్పుడు కాగితాన్ని సున్నా దగ్గర నిలువుగా మడవండి. 4 మీద −4, 9 మీద −9 పడతాయి. ఇలా ఒకదాని మీద ఒకటి పడే సంఖ్యలను ఒకదానికొకటి వ్యతిరేకాలు అనుకుందాం. పాఠ్యపుస్తకంలో వీటినే సంకలన విలోమాలు అంటారు, ఎందుకంటే రెండూ కలిపితే సున్నా వస్తుంది. సున్నా మడత మీదే ఉంది కాబట్టి దానికి అదే వ్యతిరేకం. ఈ మడతను పారేయకండి. పరమ మూల్యం దగ్గర మళ్లీ కావాలి.

మెట్టు 2: ఏ మైనస్ ఏ పని చేస్తోందో గుర్తుపట్టండి

మొదటి పని తీసివేత: 9 − 4. రెండోది సంఖ్య ఎటువైపు ఉందో చెప్పడం: −4 అంటే సున్నాకు ఎడమ వైపున్న నాలుగు. మూడోది వ్యతిరేకం తీసుకోమనడం: −(−4) అంటే ‘రుణ నాలుగుకు వ్యతిరేకం’, అంటే కాగితం మడిస్తే −4 ఎక్కడ పడుతుందో అక్కడికి వెళ్లమని.

గుర్తుపట్టడానికి ఒక చిట్కా ఉంది. మైనస్‌కు ఎడమ పక్కన చూడండి. అక్కడ సంఖ్య గానీ, మూసిన బ్రాకెట్ గానీ ఉంటే అది తీసివేత. ఎడమన ఏమీ లేకపోయినా, తెరిచిన బ్రాకెట్ లేదా మరో గుర్తు ఉన్నా అది తీసివేత కాదు. అప్పుడు కుడి పక్కన చూడండి. అంకె ఉంటే రెండో పని, బ్రాకెట్ గానీ తెలియని రాశి గానీ ఉంటే మూడో పని.

−4 − (−9) లో మూడు మైనస్‌లున్నాయి. ఒక్కోదాన్ని వేలితో చూపిస్తూ పైకి చదవండి: ‘రుణ నాలుగులోంచి రుణ తొమ్మిది తీసెయ్’. ‘మైనస్ నాలుగు మైనస్ మైనస్ తొమ్మిది’ అని చదివితే మూడూ ఒకేలా వినిపిస్తాయి. గందరగోళం మొదలయ్యేది ఆ చదవడంలోనే. సైంటిఫిక్ కాలిక్యులేటర్లలో చాలావాటికి తీసివేతకు ఒక మీట, రుణ గుర్తుకు బ్రాకెట్లలో ఉన్న మైనస్ మీట విడివిడిగా ఉండటానికి కారణం కూడా ఈ తేడాయే.

తెలియని సంఖ్యకు పుస్తకాల్లో ఎక్స్ అనే అక్షరం వాడతారు. ఇక్కడ ఖాళీ పెట్టె □ వాడదాం, ఎందుకంటే పెట్టెలో ఏదైనా ఉండొచ్చని కంటికే తెలుస్తుంది. −□ అనేది రుణ సంఖ్యేనా? ముందు మైనస్ ఉంది కాబట్టి అవునని చాలామంది తల ఊపేస్తారు. పెట్టెలో 6 ఉంటే −□ విలువ −6. పెట్టెలో −6 ఉంటే మాత్రం −□ విలువ 6. పెట్టె తెరవకుండా ఏమీ చెప్పలేం. ఈ ఒక్క విషయం ఇక్కడ ఒంటబట్టకపోతే పరమ మూల్యం నిర్వచనం పై తరగతుల్లోనూ మింగుడుపడదు.

మెట్టు 3: పోల్చండి

కుడివైపున్నదే పెద్దది. సూత్రం ఇంతే, మినహాయింపుల్లేవు. −8 కన్నా −3 పెద్దది, −3 కన్నా 0 పెద్దది. 8 అంకె పెద్దది కదా అని −8 పెద్దదనుకోవడం అలవాటుగా వచ్చే పొరపాటు. అలా అనుకునేవాళ్లు పోలుస్తున్నది సంఖ్యలను కాదు, సున్నా నుంచి వాటి దూరాలను.

దశాంశాల్లో, భిన్నాల్లో ఇది మళ్లీ తల ఎత్తుతుంది. −0.45, −0.5 లలో పెద్దది −0.45. −1/2, −1/3 లలో పెద్దది −1/3. చేసే పద్ధతి: ముందు మైనస్‌లు లేకుండా వరస పెట్టండి, తర్వాత ఆ వరసను తిరగేయండి. ధన సంఖ్యలను మాత్రం తిరగేయకండి. అన్నీ కలిసి ఉన్నప్పుడు రుణాలను ఒక గుట్ట, ధనాలను ఒక గుట్ట చేసుకుని, నడుమ సున్నా పెట్టి అతికించండి.

మెట్టు 4: కూడిక

గీత మీద: మొదటి సంఖ్య దగ్గర వేలు పెట్టండి. ధన సంఖ్య కలిపితే కుడికి, రుణ సంఖ్య కలిపితే ఎడమకు జరపండి. 4 + (−7) అంటే 4 దగ్గర మొదలై ఎడమకు ఏడు గంతులు. −3 దగ్గర ఆగుతారు.

గుండీలతో: ఎర్రది +1, నల్లది −1. ఒక ఎర్రది, ఒక నల్లది జోడీ కడితే విలువ సున్నా. దాన్ని బల్ల మీద నుంచి తీసేసినా, కొత్తగా పెట్టినా లెక్క మారదు. 4 + (−7) కు నాలుగు ఎర్రవి, ఏడు నల్లవి పెట్టండి. నాలుగు జోడీలు పోతాయి, మూడు నల్లవి మిగులుతాయి. −3. ఈ రంగులు ఊరికే ఎంచుకున్నవి కావు. 3వ శతాబ్దంలో చైనా గణితజ్ఞుడు ల్యూ హుయ్ ధన సంఖ్యలకు ఎర్ర పుల్లలు, రుణ సంఖ్యలకు నల్ల పుల్లలు వాడాలని రాశాడు. నష్టాన్ని ఎర్ర సిరాతో రాసే తర్వాతి కాలపు ఖాతా పుస్తకాల ఆనవాయితీకి ఇది సరిగ్గా తలకిందులు.

పది లెక్కలు ఇలా చేశాక ఈ సూత్రం మీకే కనిపిస్తుంది: గుర్తులు ఒకటే అయితే దూరాలు కలిపి అదే గుర్తు పెట్టాలి. గుర్తులు వేరైతే పెద్ద దూరంలోంచి చిన్న దూరం తీసి, పెద్ద దూరం ఉన్నదాని గుర్తు పెట్టాలి. ఈ ‘దూరం’ అన్నదే తర్వాత పరమ మూల్యం అనే పేరుతో వస్తుంది. అంటే ఆ పాఠం రాకముందే మీరు దాన్ని వాడేస్తున్నారన్నమాట.

పొడవాటి వరస వస్తే ఎడమ నుంచి ఒక్కొక్కటీ చేయనక్కర్లేదు. −8 + 5 − 2 + 9 − 4 లో ధనాలు 5, 9 కలిపి 14. రుణాలు 8, 2, 4 కలిపి మరో 14. మొత్తం 0. సంఖ్యను జరిపేటప్పుడు దాని ముందున్న గుర్తును కూడా వెంట తీసుకెళ్లడం మరవకండి. గుర్తు ఎప్పుడూ దాని కుడి పక్కనున్న సంఖ్యదే.

మెట్టు 5: తీసివేత, ‘మైనస్ మైనస్ ప్లస్’ అనే మాట చేసే చెరుపు

−3 − (−5) చేద్దాం. బల్ల మీద మూడు నల్ల గుండీలున్నాయి. వాటిలోంచి అయిదు నల్లవి తీయాలి. లేవు. అప్పుడు రెండు సున్నా జోడీలు, అంటే రెండు ఎర్రవి, రెండు నల్లవి తెచ్చి పెట్టండి. విలువ మారలేదు, నల్లవి మాత్రం అయిదయ్యాయి. ఆ అయిదూ తీసేయండి. రెండు ఎర్రవి మిగిలాయి. జవాబు 2.

ఇప్పుడు −3 + 5 చేసి చూడండి. మూడు నల్లవి, అయిదు ఎర్రవి. మూడు జోడీలు పోగా రెండు ఎర్రవి. అదే 2. నల్లవి తీయడమూ అన్నే ఎర్రవి కలపడమూ ఒకటేనని గుండీలు చూపించాయి. తీసివేత సూత్రం ఇదే: రెండో సంఖ్యను తీసివేయడానికి బదులు దాని వ్యతిరేకాన్ని కలపండి. ఇందులో మారేవి సరిగ్గా రెండు. తీసివేత గుర్తు కూడిక అవుతుంది, రెండో సంఖ్య దాని వ్యతిరేకం అవుతుంది. మొదటి సంఖ్యను ముట్టుకోకూడదు.

3 − 5 = 3 + (−5) = −2
−3 − 5 = −3 + (−5) = −8
3 − (−5) = 3 + 5 = 8
−3 − (−5) = −3 + 5 = 2

ఈ నాలుగూ ఒకదాని కింద ఒకటి మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. పరీక్షలో వచ్చే ప్రతి తీసివేతా వీటిలో ఏదో ఒక రకమే.

ఇక ‘మైనస్ మైనస్ ప్లస్’. తరగతి గదుల్లో ఇంతగా పనికొచ్చి ఇంతగా పాడుచేసిన మాట మరొకటి లేదు. అది రెండు చోట్ల నిజం. తీసివేత గుర్తు గానీ వ్యతిరేకం అడిగే మైనస్ గానీ రుణ సంఖ్య పక్కనే ఉన్నప్పుడు, అంటే − (−5) లో, ఆ రెండు మైనస్‌లూ కలిసి ప్లస్ అవుతాయి. రెండు రుణ సంఖ్యలను గుణించినా భాగించినా జవాబు ధనం అవుతుంది. ఈ రెండు చోట్లా తప్ప ఎక్కడా వాడకూడదు. −3 − 5 లో రెండు మైనస్‌లున్నాయి, కానీ వాటి మధ్య 3 అడ్డంగా నిలబడి ఉంది, గుణకారం కూడా లేదు. ఈ మాట ఇక్కడ చెల్లదు. మీరు ఎవరికైనా నేర్పిస్తుంటే ఈ మాటను గుణకారం వచ్చేదాకా నోట రానివ్వకండి. అప్పటిదాకా ‘వ్యతిరేకం కలుపు’ అంటే చాలు.

నిజమైన కొలతల మీద సాధన చేయండి. ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించిన అత్యధిక ఉష్ణోగ్రత 1913లో అమెరికాలోని డెత్ వ్యాలీలో నమోదైన 56.7 డిగ్రీల సెల్సియస్, అత్యల్పం 1983 జులైలో అంటార్కిటికాలోని వోస్తోక్ కేంద్రంలో నమోదైన −89.2. తేడా ఎంత? 56.7 − (−89.2) = 145.9 డిగ్రీలు. మృత సముద్రం ఒడ్డు సముద్ర మట్టానికి సుమారు 430 మీటర్ల దిగువన ఉంది. అక్కడి నుంచి మరో 300 మీటర్లు నీటిలోకి దిగితే −430 − 300 = −730 మీటర్లు. ఈ రెండో లెక్కలో ‘మైనస్ మైనస్ ప్లస్’ వాడి చూడండి, నీళ్లలోకి దిగినవాడు 730 మీటర్ల కొండ మీద తేలతాడు.

మెట్టు 6: గుణకారం, భాగహారం

3 × (−4) అంటే మూడుసార్లు −4, అంటే −12. వరస మార్చినా గుణకారం మారదు కాబట్టి (−4) × 3 కూడా అంతే. మిగిలింది రెండూ రుణాలైనప్పుడు. కింది వరస చూడండి.

2 × (−4) = −8
1 × (−4) = −4
0 × (−4) = 0
(−1) × (−4) = ?

ఒక్కో వరుసకు జవాబు 4 చొప్పున పెరుగుతోంది. తర్వాతిది 4 కావాల్సిందే. వరసను నమ్మబుద్ధి కాకపోతే ఇంకో దారి ఉంది: (−3) × (4 + (−4)) అంటే (−3) × 0, అంటే 0. దాన్నే విడదీసి గుణిస్తే (−3) × 4, (−3) × (−4) అని రెండు ముక్కలు. మొదటి ముక్క −12. మొత్తం సున్నా రావాలంటే రెండో ముక్క 12 అయి తీరాలి. ఇంకేం రాసినా విభాగ న్యాయం చెడిపోతుంది.

ధనం, రుణం అన్న మాటలు మనకు పాతవే. బ్రహ్మగుప్తుడు సా.శ. 628లో రాసిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో ధన రుణాల కూడిక, తీసివేత, గుణకారం సూత్రాలన్నీ ఉన్నాయి. రెండు రుణాల లబ్ధం ధనం అన్నదీ అందులో ఉంది. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అని కూడా ఆయన రాశాడు. దాన్ని ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు, సున్నాతో భాగహారానికి అర్థం లేదు.

భాగహారానికి గుర్తుల సూత్రం గుణకారానిదే. చాలా సంఖ్యలు గుణించేటప్పుడు మైనస్‌లు లెక్కపెట్టండి: సరి సంఖ్యలో ఉంటే ధనం, బేసి అయితే రుణం, ఎక్కడైనా సున్నా ఉంటే లెక్కే వద్దు.

మోసం చేసేది వర్గం. (−3)² అంటే (−3) × (−3) = 9. −3² అంటే మాత్రం 3²కు వ్యతిరేకం, −9. ఘాతం దాని పక్కనున్న 3నే పట్టుకుంటుంది, మైనస్‌ను కాదు. ఎక్సెల్‌లో −3^2 అని కొడితే 9 చూపిస్తుంది, ఎందుకంటే అది రుణ గుర్తును ఘాతం కన్నా ముందు లెక్కిస్తుంది. గణితంలో ఒప్పందం అది కాదు. కంప్యూటర్‌లో జవాబు సరిచూసుకునేవాళ్లు బ్రాకెట్లు పెట్టి కొట్టడం మేలు.

గుర్తులన్నీ ఒకేసారి సాధన చేయడానికి మంచి లెక్క ఒకటుంది. సెల్సియస్‌ను 9తో గుణించి 5తో భాగించి 32 కలిపితే ఫారెన్‌హీట్ వస్తుంది. −40 డిగ్రీల సెల్సియస్‌ను మార్చండి: −360, తర్వాత −72, తర్వాత −40. రెండు కొలమానాలూ కలిసే ఒకే ఒక్క చోటు అది. ఆ చలిని పాదరసం థర్మామీటరుతో కొలవలేరు, పాదరసం దాదాపు −39 దగ్గరే గడ్డకడుతుంది.

మెట్టు 7: పరమ మూల్యం

మడిచిన కాగితం మళ్లీ తీయండి. 7, −7 ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, ఎందుకంటే రెండూ సున్నాకు ఏడేసి గంతుల దూరంలో ఉన్నాయి. సంఖ్యారేఖ మీద సున్నా నుంచి ఒక సంఖ్యకు ఉన్న దూరమే దాని పరమ మూల్యం. |7| = 7, |−7| = 7, |0| = 0. దూరం ఎన్నడూ రుణం కాదు కాబట్టి పరమ మూల్యమూ రుణం కాదు. రెండు నిలువు గీతల ఈ గుర్తును 1841లో జర్మన్ గణితజ్ఞుడు కార్ల్ వయర్‌స్ట్రాస్ వాడాడు.

చేతిరాతతో ఒక చిక్కు ఉంది. |1| ను తొందరగా రాస్తే 111 లా కనిపిస్తుంది. నిలువు గీతలను అంకె కన్నా పొడుగ్గా, పైకీ కిందికీ పొడుచుకొచ్చేలా గీయండి.

‘మైనస్ తీసేయడమే పరమ మూల్యం’ అని నేర్చుకున్నవాళ్లు మొదటి రోజు గట్టెక్కుతారు, రెండో రోజు పడిపోతారు. |3 − 8| లో మైనస్ తీసేస్తే ఏం మిగులుతుంది? 3, 8 పక్కపక్కన. కొందరు 11 రాస్తారు. ఆ మైనస్ తీసివేత చేస్తోంది, దాన్ని తుడిచే హక్కు నిలువు గీతలకు లేదు. నిలువు గీతలు బ్రాకెట్ల లాంటివి. ముందు లోపలి లెక్క పూర్తిగా ముగించి ఒకే సంఖ్య తేవాలి, తర్వాతే దూరం తీసుకోవాలి. 3 − 8 = −5, |−5| = 5.

నిలువు గీతల బయట ఉన్న మైనస్ బయటే ఉంటుంది. −|−4| చేయండి. లోపలిది 4 అయింది, బయటి మైనస్ దాని వ్యతిరేకం అడుగుతోంది, జవాబు −4. పరమ మూల్యం రుణం కాదన్నారుగా అని ఇక్కడ 4 రాస్తే తప్పు. రుణం కానిది |−4|, దానికి వ్యతిరేకం రుణం కావచ్చు.

ఇప్పుడు పై తరగతుల నిర్వచనం. □ సున్నా లేదా ధనం అయితే |□| = □. □ రుణం అయితే |□| = −□. రెండో వాక్యం చూడగానే ‘పరమ మూల్యం రుణం కాదంటూనే మైనస్ పెట్టారేంటి’ అనిపిస్తుంది. మెట్టు 2లోని పెట్టెను గుర్తు తెచ్చుకోండి. ఈ మైనస్ మూడో పని చేస్తోంది. పెట్టెలో −6 ఉంది, −□ అంటే −(−6), అంటే 6.

పరమ మూల్యం అసలు ఉపయోగం సున్నా నుంచి దూరం కన్నా రెండు సంఖ్యల మధ్య దూరంలో ఉంది. ఏ రెండు సంఖ్యల మధ్య దూరమైనా ఒకదాంట్లోంచి మరొకటి తీసి నిలువు గీతలు పెడితే వస్తుంది, ఏది ముందు రాసినా ఒకటే: |2 − (−6)| = 8, |−6 − 2| = 8. గీత మీద గంతులు లెక్కపెట్టి చూడండి.

దీంతో సమీకరణాలు గీత మీదే తేలిపోతాయి. |□| = 5 అంటే సున్నాకు 5 దూరంలో ఎవరున్నారు? 5, −5. |□| = −2 అంటే ఎవరూ లేరు, దూరం −2 కాదు. |□ − 3| = 4 అంటే 3 నుంచి 4 దూరంలో ఉన్నవి: 7, −1. |□ + 2| = 5 ను |□ − (−2)| = 5 అని చదవాలి, −2 నుంచి 5 దూరంలో 3, −7. ఇక్కడ పొరపాటు చివర్లో జరుగుతుంది. |□ − 3| = 4 కు 7 అని కనుక్కుని, రెండో జవాబు కోసం దాని గుర్తు మార్చి −7 రాసేస్తారు. సరిచూడండి: |−7 − 3| = 10, 4 కాదు. రెండు జవాబులూ సున్నాకు ఇరుపక్కలా సమ దూరంలో ఉండవు, 3కు ఇరుపక్కలా ఉంటాయి. |□| + 4 = 1 లాంటివి వస్తే ముందు 4 అవతలికి పంపండి. |□| = −3 అవుతుంది కాబట్టి జవాబు లేదు.

|□| < 3 అయ్యే పూర్ణసంఖ్యలు −2, −1, 0, 1, 2. మొత్తం అయిదు, సున్నాను మరిస్తే నాలుగే. |□| > 3 మాత్రం రెండు ముక్కలు: 3కు కుడివైపున్నవన్నీ, −3కు ఎడమవైపున్నవన్నీ. రెంటినీ ఒకే గొలుసుగా రాయడానికి ప్రయత్నించకండి, రాదు.

ఇదంతా ఎందుకంటారా? 50 మిల్లీమీటర్ల కడ్డీ కోయాలి, 0.2 అటూ ఇటూ అయినా ఒప్పుకుంటారు అనుకోండి. షరతు |□ − 50| ≤ 0.2, అంటే 49.8 నుంచి 50.2 దాకా. 49.75 వస్తే తేడా −0.25, పరమ మూల్యం 0.25, కడ్డీ పనికిరాదు. నిలువు గీతలు మరిచిపోయి □ − 50 ≤ 0.2 అని మాత్రమే చూస్తే −0.25 దర్జాగా లోపలికి వస్తుంది, 45 మిల్లీమీటర్ల కడ్డీ కూడా పాసైపోతుంది. అలాగే నాలుగు కొలతల్లో తప్పులు −5, 5, −3, 3 అయితే సగటు సున్నా. కొలిచినవాడు ఏ తప్పూ చేయలేదన్నట్టు ఉంటుంది. పరమ మూల్యాల సగటు 4, అదీ అసలు సంగతి.

సంఖ్యారేఖ పొరబడే చోటు ఒకటి చెప్పాలి: చరిత్ర సంవత్సరాలు. రోమన్ చక్రవర్తి అగస్టస్ సా.శ.పూ. 63 సెప్టెంబరులో పుట్టి సా.శ. 14 ఆగస్టులో చనిపోయాడు. 14 − (−63) = 77 అంటారు. కానీ సా.శ.పూ. 1 తర్వాత నేరుగా సా.శ. 1 వస్తుంది, సున్నా సంవత్సరం లేదు. కాబట్టి 76. ఆ ఏడాది పుట్టినరోజు ఇంకా రాలేదు కాబట్టి వయసు 75. మెట్టు 1లో సున్నా వదిలేసిన గీత గుర్తుందా? చరిత్ర పుస్తకాలది ఆ గీతే.

మెట్టు 8: మీ తప్పును మీరే పట్టుకోండి

ముందు కింద ఉన్న జవాబులు చేత్తో మూసి, అన్నీ చేయండి.

1) −6 − 4
2) 5 − (−8)
3) −|4 − 9|
4) |−7| − |2 − 5|
5) −2² + (−2)²
6) |□ − 2| = 6
7) 2 < |□| ≤ 5 అయ్యే పూర్ణసంఖ్యలు ఎన్ని?
8) చిన్నదాని నుంచి పెద్దదానికి: −|−3|, |−5|, −4, −(−2), 0

మొదటిది −10. మీకు 10 వస్తే ‘మైనస్ మైనస్ ప్లస్’ ఇంకా వదల్లేదు, −2 వస్తే గుర్తులు వేరన్నట్టు దూరాలు తీసివేశారు. రెంటికీ మందు గుండీలే, మెట్టు 5 మళ్లీ చేయండి.

రెండోది 13. −3 వస్తే బ్రాకెట్‌లోని మైనస్‌ను చూడలేదు.

మూడోది −5. మీకు 5 రావడానికి రెండు దారులున్నాయి: బయటి మైనస్‌ను గీతలు మింగేశాయనుకోవడం, లేదా ఒక్కో సంఖ్యకు విడిగా పరమ మూల్యం తీసి 4 − 9 = −5 చేసి వ్యతిరేకం తీసుకోవడం. ఏ దారిన వెళ్లారో మీ రఫ్ పనిలో చూసుకోండి, దిద్దుకోవాల్సింది దాన్నిబట్టి మారుతుంది.

నాలుగోది 7 − 3 = 4. 10 వస్తే రెండో జత నిలువు గీతలను మామూలు బ్రాకెట్లలా వదిలేశారు.

అయిదోది −4 + 4 = 0. 8 వస్తే మెట్టు 6 చివర చూడండి.

ఆరోదానికి 8, −4. 8, −8 రాసినవాళ్లు 2 దగ్గర వేలు పెట్టి ఆరేసి గంతులు రెండు వైపులా వేయండి.

ఏడోదానికి ఆరు: −5, −4, −3, 3, 4, 5. మూడే అన్నవాళ్లు ఎడమ వైపు మరిచారు. ఎనిమిది అన్నవాళ్లు 2, −2 లను కలిపేశారు, అక్కడ సమానం గుర్తు లేదు.

ఎనిమిదోదానికి ముందు ఒక్కోదాని విలువ పక్కన రాసుకోండి: −3, 5, −4, 2, 0. వరస −4, −|−3|, 0, −(−2), |−5|. విలువలు రాసుకోకుండా కంటితో పోల్చబోతే, ముందు మైనస్ కనిపిస్తోంది కాబట్టి −(−2) ను సున్నాకు ఎడమన పెట్టేసి ఉంటారు.